ఉలిక్కిపడని పిల్ల

ఊరంతా మూతపడిన ఆ ఎండాకాలంలో మా ఇంట్లో మూతపడనిది ఒక్క చిన్నదాని నోరే. మా చెల్లెలు భాగ్యకు మనవరాలు అది. రోగం కబుర్లు అప్పుడప్పుడే చెవిన పడుతున్న రోజుల్లో మా ఇంటికి రెండు సందుల అవతలి నర్సింగ్ హోంలో పుట్టింది. భాగ్య కొడుకు రాజుకు సూరత్ శివారు కడోదరాలో చిన్న కార్ఖానా ఉంది, కింద కరెంటు మగ్గాలు, పైన కాపురం. ఆస్పత్రి దగ్గరగా ఉంటుందని కాన్పు ముందర భార్య స్వప్నను, తల్లిని తెచ్చి నా దగ్గర దింపి, రేపో మాపో వచ్చి చూస్తానని వెళ్లాడు. కాన్పు నాడు వచ్చి బిడ్డను చూసిపోయాడు. ఆ తర్వాత అన్నీ బందయ్యాయి. వాడు కార్ఖానాకు కాపలాగా అక్కడే ఉండిపోయాడు. స్వప్న తల్లి సిరిసిల్లలో మూట కట్టుకుని రైలు కోసం కూర్చుంది, రైలు నడవలేదు. కాబట్టి బాలింత పథ్యం, పసిదాని స్నానం, తడిబట్టలు, అన్నీ మా ముసలి అక్కచెల్లెళ్లిద్దరి మీద పడ్డాయి. మావారు పోయాక నేనొక్కదాన్నే ఉంటున్న ఫ్లాటు అది, ఒక్కసారిగా నిండిపోయింది. ఉద్యోగం చేసినన్నాళ్లు నేను తెలుగు బడిలో జీవశాస్త్రం చెప్పాను. మనిషి గురించి నాకు తెలియనిది పెద్దగా లేదన్న నమ్మకం నాకు బాగా ఉంది. వయసుతో మోకాళ్లు అరిగాయి గానీ అది మాత్రం అరగలేదు.

నా ఫ్లాటు పాండేసర అంచున ఉంటుంది. బాల్కనీలో నిలబడితే అద్దకం మిల్లుల పొగగొట్టాలు వరుసగా కనిపిస్తాయి. ఇన్నేళ్లుగా ఆ బొగ్గు పొగను, రంగునీళ్ల వాసనను తిట్టుకుంటూ బతికినదాన్ని, అవి ఆగిపోయాక ఏదో వెలితిగా అనిపించి కిటికీ దగ్గరికెళ్లి గాలి పీల్చి చూశాను. గాలి శుభ్రంగా ఉంది. అది నాకు నచ్చలేదు. ఎదురు గల్లీలో ఇంకో వింత. మిల్లులకు తాళాలు పడినా, పొద్దుటి పాళీ, అదే షిఫ్టు, వేళయ్యేసరికి కొందరు కూలీలు గదుల్లోంచి బయటికొచ్చి సైకిళ్ల మీద చేతులు వేసి నిలబడేవాళ్లు. పోవడానికి చోటు లేదని వాళ్లకు తెలుసు. పోలీసు వచ్చి లోపలికి తరిమేవాడు, మర్నాడు అదే వేళకు మళ్లీ వచ్చి నిలబడేవాళ్లు. మనిషి ఏం చేయాలో తల నిర్ణయిస్తుందని అనుకుంటాం గానీ, చాలావరకు నిర్ణయించేది ఒళ్లు. తల తర్వాత తీరిగ్గా వచ్చి, ఇదంతా నేను ఆలోచించే చేశానని చెప్పుకుంటుంది. ఉద్యోగమంతా పిల్లలకు ఈ మాటే చెప్పాను. మార్కుల కోసం రాశారు గానీ నమ్మినవాళ్లు తక్కువ.

చిన్నది ఇంటికొచ్చిన పూట నుంచి ఏడుపే. పాలు బాగానే తాగేది. ఒళ్లు వెచ్చబడలేదు, కడుపు ఉబ్బలేదు. భాగ్య వాము మూటతో కాపడం పెట్టింది. నేను టీవీ కట్టేశాను, ఫ్యాను తగ్గించాను, తలుపులు చప్పుడు కాకుండా వేయమన్నాను, స్వప్నను గుసగుసగా మాట్లాడమన్నాను. ఎంత నిశ్శబ్దం చేస్తే అంత ఏడ్చింది. ఇంతలో ఒక ఆదివారం సాయంత్రం, దేశమంతా ఇళ్ల ముందు నిలబడి పళ్లేలు మోగించాలని చెప్పారు. మా సొసైటీలో వెనకడుగు వేసినవాళ్లు లేరు. స్టీలు పళ్లేలు, ఇత్తడి తాంబాళాలు, పైఅంతస్తులో ఎవరో ఏకంగా ఇనుప బాండీని గరిటెతో బాదారు. నేనూ ఒక పళ్లెం పట్టుకుని బాల్కనీలోకి వెళ్లాను. ఆ మోతకు చిన్నది ఇంకెంత గుక్కపడుతుందోనని తిరిగి చూస్తే, ఎప్పుడు నిద్రపోయిందో, స్వప్న ఒళ్లో హాయిగా పడుకుని ఉంది. పక్కింటి గుజరాతీ ఆవిడ గుమ్మంలోంచి తొంగిచూసి మురిసిపోయింది. "బహు డాహీ దీక్రీ ఛే" అంది, చాలా బుద్ధిమంతురాలైన పిల్ల అని. ఇంత గోలకు ఉలిక్కిపడనైనా పడలేదు, ఎంత గుండె ధైర్యమో అని కూడా అంది. ఆ మాటకు నా చేతిలో పళ్లెం ఆగిపోయింది. భాగ్య వైపు చూశాను. ఆవిడ అన్న మాట భాగ్యకు వినబడలేదు. కానీ ఆమె నా పళ్లెం వైపు, పిల్ల వైపు, మళ్లీ పళ్లెం వైపు చూస్తోంది. నా చెల్లెలు పుట్టు చెవిటిది.

ఆ మాట, ధైర్యమన్న ఆ మెచ్చుకోలు, మా ఇంట్లో అంతకుముందు ఒకసారి విన్నాను. మా బాపు, అంటే మా నాన్న, సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి సాంచాలు నడిపాడు. కరెంటు మగ్గాన్ని మావాళ్లు సాంచా అనేవాళ్లు, ఇప్పటికీ అదే అంటారు. లింబాయత్‌లో మేముండే గదికి, బాపు పనిచేసే కార్ఖానాకు మధ్య ఒకటే గోడ. ఆ గోడ ఎప్పుడూ వణుకుతూ ఉండేది. అలమరలో గిన్నెలు ఒకదానికొకటి తగులుకుంటూ పక్కకు జరిగేవి, పొద్దున సర్దినవాటిని అవ్వ, అంటే మా అమ్మ, సాయంత్రం మళ్లీ సర్దేది. చెంబులో నీళ్లు కుదురుగా ఉండటం నేను బడికి వెళ్లాకే చూశాను. యంత్రాల నూనె, దారానికి పట్టించిన గంజి, పెనం మీద మాడుతున్న జొన్నరొట్టె, ఈ మూడు కలిసిన వాసన ఎక్కడైనా తగిలితే ఇప్పటికీ నాకు ఆకలేస్తుంది. మా నాయనమ్మ పగలంతా ఆ గోడకే వీపు ఆనించి, తంబాకు నములుతూ కూర్చునేది. ఆ వణుకు నడుము నొప్పికి మందని ఆమె నమ్మకం. పండక్కి సాంచాలు ఆగితే చాలు, నడుము పట్టేసిందని మూలిగేది. బాపు సంగతి సరేసరి. మోత ఆగిన రోజుల్లో ఆయనకు కునుకు పట్టేది కాదు, మధ్యాహ్నం వేళ వెళ్లి ఆగిపోయిన సాంచాల మధ్య చాప వేసుకుని కూర్చునేవాడు.

ఆ మోతలో నోటితో మాట్లాడటం వృథా. గల్లీలో అందరికీ చేతుల భాష ఒకటి ఉండేది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ రాయలేదు. చూపుడువేలు చటుక్కున వంచితే దారం తెగిందని. బొటనవేలు పెదవి దగ్గర పెడితే నీళ్లు. పొట్ట ముందు చేయి గుండ్రంగా తిప్పితే శేఠ్ వస్తున్నాడని. ఆ సైగలకు తోడు పెదవులు బాగా కదిపి, గొంతు లేకుండా మాట్లాడేవాళ్లు. ఇంట్లోకొచ్చినా బాపుకు ఆ అలవాటు పోయేది కాదు. కూరలో ఉప్పు తక్కువైతే వేళ్లు రాపిడి చేసి చూపేవాడు, అవ్వ మూతి తిప్పి జవాబిచ్చేది. కొట్లాటలు కూడా చేతులతోనే. పొరుగు ఊళ్లనుంచి వచ్చిన చుట్టాలు మేమంతా మూగవాళ్లమా అని బిత్తరపోయేవాళ్లు. పసిపిల్లల ఏడుపు సంగతి ఇంకా చిత్రం. గల్లీలో ఆడవాళ్లందరూ ఇంట్లో కండెలు చుట్టేవాళ్లు, దారాన్ని చిన్న గొట్టాలకు ఎక్కించే పని అది. పిల్లేడిస్తే ఆ మోతలో తల్లికి వినబడదు. అందుకని చీరతో కట్టిన తొట్లెకు ఒక గట్టి దారం కట్టి, రెండో కొస కాలి బొటనవేలికి ముడేసుకునేవాళ్లు. పిల్ల కదిలితే దారం లాగుతుంది, తల్లి లేస్తుంది. మా గల్లీలో పెరిగిన పిల్లలందరూ ఆ దారం లాగి లాగి తల్లిని పిలిచినవాళ్లే. పుట్టింది మొదలు ఆ మోతలోనే పడుకున్నాం, మోత ఆగితేనే లేచాం.

ఇప్పుడు చెప్పండి, అలాంటి చోట ఒక పిల్లకు చెవులు వినబడటం లేదని ఎవరికి తెలుస్తుంది? భాగ్య నాకంటే అయిదేళ్లు చిన్నది. నడక వచ్చేనాటికే బాపు చేతులు చూసి చేతులు తిప్పేది. నీళ్లడిగేది, రొట్టె అడిగేది, నా మీద చాడీలు చెప్పేది. నాకు సైగ చేయాలంటే గౌను లాగేది, అందరు పిల్లలూ అంతే చేసేవాళ్లు. మాట ఆలస్యమైందని నాయనమ్మ ఒకటి రెండుసార్లు అన్నా, మగ్గాల పక్కన పుట్టిన పిల్లలకు మాట ఆలస్యమే కదా, మీ నాయనకు నాలుగో ఏటగానీ రాలేదు కదా అని ఆవిడే సర్దుకునేది. పైగా ఎంత మోతలోనైనా నిద్రపోయే పిల్లంటే ఆ గల్లీలో దేవుడిచ్చిన వరం. మా ఇంట్లో ఆ వరం ఉందని అవ్వ అందరికీ చెప్పుకునేది.

సూరత్‌లో దీపావళికి సాంచాలన్నీ ఆగుతాయి. పండగ తర్వాత అయిదో రోజు, లాభ్ పాంచమ్ నాడు పూజ చేసి మళ్లీ మొదలుపెట్టేదాకా ఊరు ఊరంతా చప్పబడిపోతుంది. భాగ్యకు మూడేళ్లున్న ఏడు పండగనాడు గల్లీలో పిల్లలం పటాసుల లడీ ఒకటి నేలమీద పరిచి ముట్టించాం. భాగ్య మాకు వీపు పెట్టి మెట్టు మీద కూర్చుని ఖాళీ కండెలు పేర్చుకుంటోంది. లడీ ఆమె వెనకాలే టపటపా పేలింది. ముట్టించిన నేనే చెవులు మూసుకుని గంతేశాను. నాయనమ్మ నోట్లో తంబాకు జారిపోయింది. భాగ్య ఇంకో కండె తీసి పైన పెట్టింది, అంతే. వాసన తగిలాక ముక్కు చిట్లించి, పొగ చూసి వెనక్కి తిరిగి నవ్వింది. నాయనమ్మ ఆ పిల్లను ఎత్తుకుని ఇల్లిల్లూ తిరిగింది.

"సూసిండ్రా, నా మనుమరాలు రెప్ప గూడ కొట్టలే. అచ్చం ఆళ్ల తాత గుండె దీనిది."

గల్లీలో ప్రతివాళ్లూ భాగ్య బుగ్గ గిల్లి ఏదో ఒకటి చేతిలో పెట్టారు. మా వంశంలో ధైర్యం ఉందని నేను కూడా రొమ్ము విరుచుకుని తిరిగాను. ఒక్క అవ్వ మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయింది. మర్నాటి నుంచి అవ్వ చేసే పనులు నాకు అర్థం కాలేదు. భాగ్య ఆడుకుంటుంటే వెనకాలే వెళ్లి చప్పట్లు కొట్టేది. చెంబుమీద గరిటెతో కొట్టేది. భాగ్యా అని మెల్లగా పిలిచేది, గట్టిగా పిలిచేది, పాటలాగా పిలిచేది. సాంచాలు లేవు, ఊరు నిశ్శబ్దంగా ఉంది, ఆ పిలుపు గల్లీ చివరికి వినబడేది. పిల్ల తిరగలేదు. ముందుకొచ్చి మొహం చూపిస్తే మాత్రం వెలిగిపోయి చేతులు చాచేది. పండగ సెలవులన్నీ అవ్వ అలాగే గడిపింది. వంట చేస్తూ చేస్తూ మధ్యలో లేచి వెళ్లి ఒకసారి పిలిచి వచ్చేది. రొట్టెలు మాడాయి. బాపుకు మాత్రం ఒక్క మాట చెప్పలేదు.

లాభ్ పాంచమ్ నాడు సాంచాలు మొదలయ్యాక చెప్పింది. భాగ్యను చంకన వేసుకుని, నన్ను వెంటపెట్టుకుని కార్ఖానాలోకి నడిచింది. నిశ్శబ్దంలో నోటితో చెప్పలేని మాట ఆ మోతలో చేతులతో చెప్పొచ్చని అనుకుందో ఏమో. బాపు ముందు నిలబడి పిల్ల చెవి ముట్టుకుని, చేయి అటూ ఇటూ ఊపింది. బాపు అప్పుడు నేనెప్పుడూ చూడని పని చేశాడు. దారం తెగకుండా, శేఠ్ చెప్పకుండా తన సాంచాలు ఒకదాని తర్వాత ఒకటి ఆపేశాడు. చుట్టూ మిగతావి నడుస్తూనే ఉన్నాయి. కూతురి ఎదుట మోకాళ్ల మీద కూర్చుని బొటనవేలు పెదవి దగ్గర పెట్టాడు, నీళ్లు కావాలా అని. భాగ్య తల అడ్డంగా ఊపి, రెండు చేతులూ గుండ్రంగా చూపింది, రొట్టె కావాలని. బాపు లేచి అవ్వతో చేతులతో అన్న మాట నాకు నిన్నటిదానిలా గుర్తుంది. నేను చెప్పింది దానికి తెలుస్తుంది, అది చెప్పింది నాకు తెలుస్తుంది, ఇంకేం కావాలి అని. ఆ తర్వాత మళ్లీ సాంచాలు నడిపించాడు. ఇంటికి వచ్చాక అవ్వ బాగా ఏడ్చింది. నాయనమ్మ మాత్రం ఆఖరిదాకా ఒప్పుకోలేదు, అది ధైర్యమేనని వాదించింది.

కాలేజీలో మొదటి ఏడు, పెద్ద చప్పుడుకు పసిబిడ్డ చేతులు విదిలించి ఉలిక్కిపడటం పుట్టుకతో వచ్చే గుణమని, దానికి పిరికితనంతో పనిలేదని పుస్తకంలో చదివినప్పుడు నాకు పండగనాటి లడీ గుర్తొచ్చింది. మేము గుండెదనుకున్నది చెవిది. మనుషుల్ని మెచ్చుకునేటప్పుడూ తిట్టేటప్పుడూ మనం ఎన్నిసార్లు ఇలా పొరబడతామో కదా. తిండిపోతని, నిద్రమొహమని, కోపిష్టని అంటాం. అందులో సగం ఒంటి సంగతే. ఈ చదువు నాకు పట్టుకుంది అందుకే. మా చెల్లెలు లేకపోతే నేను లెక్కల టీచర్నయ్యేదాన్ని.

భాగ్యకు ఆ గల్లీలో ఏ లోటూ లేదు. అది నేను గట్టిగా చెప్పగలను. పదేళ్లకే కండెలు చుట్టడంలో అవ్వను దాటింది. సాంచా ఎక్కడ లయ తప్పుతోందో కాళ్లతో పసిగట్టేది, నేలమీద పాదం ఆనించి నిలబడి అదిగో ఆ మూలదని వేలు చూపేది. పెళ్లి కూడా కార్ఖానాలో పనిచేసే అబ్బాయితోనే అయింది, ఆ చేతుల భాష వచ్చినవాడు, మంచివాడు, కొన్నేళ్ల కిందట పోయాడు. రాజు పుట్టినప్పుడు భాగ్య అందరు తల్లుల్లాగే తొట్లెకు దారం కట్టి బొటనవేలికి ముడేసుకుంది. చెవులున్న తల్లులు ఎంత వేగంగా లేచారో ఆమె కూడా అంతే వేగంగా లేచింది. ఒక్కటే ఇబ్బంది. భాగ్య నవ్వు చాలా గట్టిది. తన గొంతు తనకు వినబడదు కాబట్టి దానికి హద్దు ఉండేది కాదు, ఎక్కడో లోపలినుంచి భళ్లున వచ్చేది. సాంచాల మోతలో దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. పెళ్లిళ్లలో, గుళ్లలో, రింగ్ రోడ్ దుకాణాల్లో మాత్రం జనం తిరిగి చూసేవాళ్లు. అవ్వ చేయి పట్టి నొక్కేది. కొన్నాళ్లకు భాగ్య బయట నవ్వడం మానేసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు మాత్రం ఊపేది. రాను రాను ఇంట్లోనూ అంతే, అలా కొంగు పెట్టుకునే అరవై దాటింది.

పళ్లేల సాయంత్రం తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు గానీ అందరం అదే పనిలో పడ్డాం. కుక్కర్ విజిల్ వేసినప్పుడల్లా స్వప్న పిల్ల మొహం చూసేది. నేను ఒకరోజు అల్మారా తలుపు కావాలని ధడాలున వేశాను. చిన్నది కళ్లు మూసుకునే ఉంది. చెవి పరీక్షకు మిషను ఉంది, పుట్టిన వారంలోనే తేల్చేస్తారు, మా కాలంలో అలాంటివి ఎక్కడివి. కానీ నర్సింగ్ హోంకు ఫోన్ చేస్తే, అత్యవసరమైతే తప్ప ఎవరినీ రానివ్వట్లేదని, అన్నీ తెరిచాక రమ్మని చెప్పారు. ఎప్పుడు తెరుస్తారో వాళ్లకూ తెలియదు. మిషన్లు వచ్చిన కాలంలో కూడా మేము అవ్వలాగే పసిదాని వెనక చప్పట్లు కొట్టుకుంటూ కూర్చున్నాం. ఒక మధ్యాహ్నం స్వప్న అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది.

"పెద్దత్తమ్మా, నా బిడ్డ గూడ మా అత్తమ్మ లెక్కనే అయితదా ఏంది?"

భాగ్య ఎదురుగానే ఉంది. పెదవుల మీది మాటలు ఆమెకు కొట్టినపిండి. లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. స్వప్న మంచి పిల్ల, అన్నాక నాలుక కరుచుకుంది. కానీ అప్పుడే నాకొకటి తట్టింది. తొట్లె కట్టింది భాగ్యే, దారం తన మణికట్టుకు కట్టుకుంది, పిల్ల కదిలితే మా అందరికంటే ముందు లేచి స్వప్నను తట్టేది. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా పిల్లను తను ఎత్తుకోలేదు. స్నానం నాతో చేయించింది. ఒళ్లో పెట్టబోతే ఏదో పని చూపించి తప్పించుకుంది. వంటింట్లోకి వెళ్లి, నీ రక్తం అంటుతుందని భయమా, నీకు ఏం తక్కువైందని అంత బెంగ అని చేతులతో గట్టిగానే అడిగాను. భాగ్య తోముతున్న గిన్నె కింద పెట్టింది. తడి చేతులతోనే చెప్పింది. సాంచాల దగ్గర నాకేం తక్కువ కాలేదు, ఇది సాంచాల దగ్గర బతకదు కదా అంది. కాన్పు నాడు ఆస్పత్రిలో డాక్టరు నుంచి ఆయా దాకా అందరూ మూతికి గుడ్డ కట్టుకుని మాట్లాడారట. ఎవరి పెదవులూ కనబడలేదు. మనవరాలు పుట్టిందన్న మాట కూడా తనకు ఎవరూ చెప్పలేదట, నర్సు చేతిలో మూట చూసి తెలుసుకుందట. కొంగు తీసి మూతికి అడ్డంగా పట్టుకుని, పైన కళ్లు మాత్రం నాకు చూపించింది. లోకమంతా ఇట్లయింది అక్కా, ఇందులో అదెట్ల బతుకుతది అంది. నా చెల్లెలు తన చెవుల గురించి బాధపడటం నేను చూసింది ఆ ఒక్కసారే. నాకు దుఃఖం వచ్చింది, దుఃఖం వస్తే నాకు కోపం కూడా వస్తుంది, బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను.

కింద ఆ కూలీలు సైకిళ్ల మీద చేతులు వేసుకుని నిలబడి ఉన్నారు, మధ్యాహ్నం పాళీ వేళ అది. వాళ్లను చూస్తుండగా నా బుర్ర వెలిగింది. మేమంతా పళ్లేలకు పిల్ల ఉలిక్కిపడలేదన్నదే చూశాం. అసలు ఎప్పుడు నిద్రపోయిందో చూడలేదు. మధ్యాహ్నం నుంచి ఏడ్చిన పిల్ల, పళ్లేలు మొదలయ్యాకే నిద్రపోయింది. నేను ఇల్లు నిశ్శబ్దం చేసేకొద్దీ ఏడ్చింది. స్వప్న నెలలు నిండేదాకా కడోదరాలో సాంచాల పక్కన కూర్చుని కండెలు లెక్క చూసింది. కడుపులో బిడ్డకు పుట్టకముందే చెవి పనిచేస్తుంది. ఈ పిల్లకు తెలిసిన లోకమంతా ఆ మోతే. మా నాయనమ్మ నడుము నొప్పి, బాపు పట్టని నిద్ర, ఈ కూలీల సైకిళ్లు, ఇదీ, అన్నీ ఒకటే. చెవిటిది కాదు, బెంగపెట్టుకుంది. వెంటనే రాజుకు ఫోన్ చేసి, సాంచాలు నడిపి ఆ చప్పుడు ఫోన్‌లో పట్టి పంపమన్నాను. వాడు నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"సాంచాలు బందైనకాంచి నాకే నిద్ర పడ్తలేదు పెద్దమ్మా" అన్నాడు. "పోలీసులు ఏమన్న అంటే అననీ, జర సేపే గదా."

మర్నాడు పొద్దున అది వచ్చింది. సాంచాలు ఒకటొకటిగా మొదలై, మోత ఇంతింతై, ఆఖరికి గది నిండిపోయే చప్పుడు. వింటుంటే నా కాళ్లు తేలికయ్యాయి, అది వేరే సంగతి. చిన్నది అప్పుడే గుక్కపట్టి ఉంది. భాగ్యను కూడా పిలిచి తొట్లె దగ్గర నిలబెట్టి, ఫోన్‌ను కిటికీ గట్టు మీద, తొట్లెకు తగలకుండా పెట్టాను. వణుకు కాదు, చప్పుడు మాత్రమే అందాలని. మీట నొక్కాను. ఏడుపు సగంలో ఆగింది. చిన్నది కళ్లు తెరిచి, నోరు కొంచెం తెరిచి, ఎటో చూస్తూ ఉండిపోయింది. స్వప్న అలాగే గోడకు జారగిలబడి కూర్చుంది. నేను భాగ్య వైపు తిరిగి, చూశావా అని చేతులు తిప్పాను. భాగ్య నమ్మలేదు. ఆ ఫోన్‌లో ఏముందో ఆమెకేం తెలుసు. పిల్ల ఏడ్చి ఏడ్చి అలసిపోయింది, ఊరుకుంది, అంతేనని చేయి ఊపింది.

నేను వాదించలేదు. ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టి, ఏది నొక్కితే మోగుతుందో, ఏది నొక్కితే ఆగుతుందో చూపించాను. భాగ్య ఫోన్ వెనక అరచేయి ఆనించి చూసింది. ఆపింది. పిల్ల మొహం ముడుచుకుంది, పెదవి వంకరైంది, ఏడుపు మొదలైంది. నొక్కింది. ఆగింది. నన్ను అనుమానంగా చూసి, నాకు వీపు పెట్టి, ఫోన్‌ను కొంగులో దాచి మళ్లీ ఆపింది. పిల్ల ఏడ్చింది. మళ్లీ నొక్కింది. మా అవ్వ పండగ సెలవుల్లో లేచి లేచి వెళ్లి పిలిచినట్టే, ఈమె ఆపుతూ మోగిస్తూ ఉంది. స్వప్న తట్టుకోలేక, చాలు అత్తమ్మా, బిడ్డను సతాయించకు అంటోంది. భాగ్య స్వప్న పెదవుల వైపు చూడటం లేదు. ఇంకోసారి ఆపి, ఇంకోసారి మోగించి, ఫోన్‌ను మళ్లీ కిటికీ గట్టు మీద పెట్టింది. చిన్నది ఎక్కిళ్లు మింగి, ఆ మోత వైపు మెల్లగా తల తిప్పింది.

భాగ్య నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది. ఎన్నేళ్లుగానో దాచిపెట్టిన నవ్వు భళ్లున గదిలో పడింది. పళ్లేలకు, విజిళ్లకు, తలుపులకు కదలని పిల్ల ఆ నవ్వుకు రెండు చేతులూ విదిలించి, వేళ్లు విప్పి, ఒళ్లంతా ఎగిరిపడేట్టు ఉలిక్కిపడింది. ఆ మోతలన్నీ దానికి పాతవే, ఈ గొంతు కొత్తది. సాంచాల వైపు తిరిగి ఉన్న మొహం ఇటు తిరిగింది. తర్వాత భయంతో గుక్కపట్టి ఏడ్చింది. భాగ్య నవ్వు ఆగిపోయింది. పిల్లను చూసి, తన గొంతు మీద చేయి వేసుకుని, నన్ను చూసింది. చూపుడువేలు తన గొంతు మీద నుంచి పిల్ల చెవి దాకా గీత గీసినట్టు చూపించి, కనుబొమలు పైకెత్తింది. అవును, నీ గొంతే విన్నది అన్నాను, నోటితోనూ చేతులతోనూ.

అన్నీ తెరిచాక మిషను పరీక్ష చేయించాం. చెవులు బాగున్నాయని కాగితం ఇచ్చారు, దాన్ని ఎక్కడ పెట్టామో కూడా నాకు గుర్తులేదు. మాకు ఆ పొద్దునే తెలిసిపోయింది. ఆ పొద్దున భాగ్య మణికట్టుకున్న దారం విప్పేసి, తొట్లెలోకి వంగి, పిల్లను మొదటిసారి ఎత్తుకుంది. అది ఇంకా ఏడుస్తూనే ఉంది. గుండెకు హత్తుకుని, దాని చెవి దగ్గరికి వంగి, మళ్లీ నవ్వింది. ఈసారి కావాలనే, ఇంకాస్త గట్టిగా.